వాతకు అడ్డం నిలబడ్డాను

మాది నందికొట్కూరు దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం మా ఆవు గంగి జ్వరంతో మేత మానేసింది. పశువుల డాక్టరమ్మ చెవి దగ్గర రక్తం తీసి చూసి, పిడుదులు కుట్టడం వల్ల రక్తంలో క్రిములు చేరాయని చెప్పింది. వాటి మీద ఒక యాంటీబయాటిక్ ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షిస్తున్నామని, ఒప్పుకుంటే గంగికీ వేస్తామని అడిగింది. నేను సంతకం పెట్టాను.

మా మామకు ఒళ్లు మండింది. పొయ్యిలో ఎర్రగా కాల్చిన కొడవలితో వాత పెట్టడానికి వచ్చాడు.

"నా ఆవు మీద పరీక్షలు చేసేదానికి వాళ్లెవరు? పక్కకు జరుగు!"

గంగికి అడ్డంగా నిలబడ్డాను. కొడవలి వేడి నా చెంపకు తగులుతోంది. అయినా నోరు ఆగలేదు.

"మలేరియా వచ్చినప్పుడు నా రక్తంలోనూ క్రిములే ఉండె. అప్పుడు నాకిచ్చిన మందుల్లోనూ యాంటీబయాటిక్ ఉండె. నాకేమన్నా వాత పెట్టినావా మామా? వాళ్లు మందేసి, మళ్లీ రక్తం తీసి చూస్తాండారు. నీ వాత పనిచేస్తాదని ఎవరు చూసినారు?"

మామ కొడవలిని నీళ్లతొట్టిలో ముంచాడు.

డాక్టరమ్మ మందేసిన వారానికి గంగి మేత పట్టింది. రెండోసారి తీసిన రక్తంలో క్రిములు కనపడలేదు.

"వాతకు భయపడి లేచిందిలే" అన్నాడు మామ. అననీ! ఆ కొడవలి ఇప్పుడు నా దగ్గరే ఉంది. రోజూ దానితోనే గంగికి గడ్డి కోస్తున్నాను.