వదినగారి పాదం

మా వదినగారి పాదాలు నాకు బాగా తెలుసు. ఆవిడ మావారి అక్కగారు. పెళ్ళైన నాటి నుంచి ప్రతి వ్రతానికీ, ప్రతి పేరంటానికీ ఆ పాదాలకు దణ్ణం పెడుతూనే ఉన్నాను. నేను వంగగానే ఆవిడ కుడిచెయ్యి దానంతటదే లేస్తుంది. దీవిస్తూ నా వంక చూడరు. వంటింటి వంక చూస్తూ, "పులుసులో బెల్లం ఎక్కువేసేవేమోనమ్మా" అంటారు.

షుగరు తగ్గాలంటే ఏదో ఒక ఆట ఆడమని డాక్టరు చెబితే, అమలాపురంలో మా వీధి చివర పాత ధాన్యం గోదాములో పెట్టిన ఫెన్సింగ్ క్లబ్బులో చేరాను. తమ్ముడి పెళ్ళాం తనను అడక్కుండా కత్తి పట్టిందని తెలిసి, వదినగారు ఆ మరుసటి వారమే అల్లవరం నుంచి వచ్చి తనూ చేరిపోయారు. రొయ్యల చెరువుల గట్ల మీద జనాన్ని అదిలించిన గొంతు ఆవిడది. మాకు కత్తి నేర్పే మాస్టారు సైతం ఆవిడతో మాట్లాడితే మాటకి రెండు 'అండీ'లు తగిలించేవారు.

మేం ఆడేది ఎపీ అనే రకం. తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ మొన తగిలినా పాయింటే. తగిలితే పక్కన పెట్టెలో పొడిచినవారి వైపు లైటు వెలుగుతుంది. ఆ పెట్టెకి చుట్టరికాలు తెలియవు, మాకు తెలుసు. మనిషిని పొడవాలన్నా మా వైపు మర్యాదగానే పొడవాలి. ముందు కత్తెత్తి వందనం. తరవాత "కానియ్యండి", "అబ్బే, మీరే కానియ్యండి". పొడిచాక "గట్టిగా తగిలిందాండీ?" అని పరామర్శ. "ఆయ్, పర్లేదండి" అని అవతలివారు అన్నాకే తరవాతి పాయింటు.

రాష్ట్ర పోటీలకు నలభై దాటిన ఆడవాళ్ళలో ఒక్కరికే చోటన్నారు. క్లబ్బులో ఉన్నదే మేమిద్దరం. "పెద్దావిడ కదా, వదిలేయరాదూ" అన్నారు మావారు. ఇన్నేళ్ళూ మంచి చీరలు వదిలాను, కారులో కిటికీ పక్క సీటు వదిలాను. ఇది మాత్రం నాకు కావాలి.

ఎంపిక రోజున గోదాము నిండా మా చుట్టాలే. అందరూ వదినగారి వైపే కూర్చున్నారు. ఆఖరి పాయింటు దగ్గర ఇద్దరం సమానంగా నిలిచాం. "పాదం జోలికెళ్ళకండి, వంగితే వీపు దొరికిపోద్ది" అని మాస్టారు మొదటి రోజే చెప్పారు. వదినగారు ఒక అడుగు ముందుకు వేశారు. ఎదురుగా ఆ పాదం. వంగాను.

పాదం మీదికి కత్తి చాపి, వీపు మీద పోటు పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తలెత్తి చూస్తే నా వైపు లైటు వెలుగుతోంది. వదినగారి కుడిచెయ్యి, కత్తితో సహా, నా నెత్తిమీద గాలిలో ఉంది. దీవిస్తోంది.

"తగల్లేదు" అన్నారావిడ ముసుగు తీసి.

"ఆయ్, తమరు చెప్పేరంటే నిజవేనండి. కాకపోతే లైటు వెలిగిందండి" అన్నారు మాస్టారు.

ఆట అయ్యాక చేతులు కలపడం రూలు. చెయ్యి కలుపుతూ, "కాళ్ళ మీద పడి గెలిచేవు" అన్నారు వదినగారు. నిజమే. కాపురానికి వచ్చాక నేను అంత సంతోషపడిన రోజు మరొకటి లేదు.

మొన్న వాళ్ళింట్లో వ్రతం. బొట్టు పెట్టించుకుని, అలవాటుగా దణ్ణానికి వంగాను. వదినగారు చటుక్కున మోకాళ్ళు వంచి అడుగు వెనక్కి వేశారు, అచ్చం మాస్టారు నేర్పినట్టే. అక్కడి నుంచే దీవించారు. ఈసారి వంటింటి వంక చూడలేదు. నా చేతుల వంకే చూస్తూ ఉన్నారు.