పాడ్లూక్ పేరు

కాపిక్ నాకు ఆడపడుచు. డెబ్బై దాటిన మనిషి. సముద్రంలో వేటాడి తెచ్చిన సీలు తోలు కోసినా, మాట అన్నా ఒకటే పదును. ఆమె కుట్టిన బూట్లలోకి నీళ్లు దిగాయని మా మంచు తీరంలో ఎవరూ అనగా వినలేదు. అలాంటి మనిషికి ఒకటే కోరిక: చచ్చేలోపు తన ఇంట్లో ఒకరిని "అమ్మా" అని పిలవాలి.

ఆమెకు ఆరేళ్లప్పుడు తల్లి పాడ్లూక్‌కు క్షయ అని చెప్పి ఓడెక్కించి దక్షిణాదికి తీసుకెళ్లారు. మళ్లీ కబురు లేదు. పోయినవాళ్ల పేరు బిడ్డకు పెడితే మాకు వాళ్లే తిరిగొచ్చినట్టు. బిడ్డను కూడా వాళ్ల వరసతోనే పిలుస్తాం. పోయిందని తెలియందే పేరెలా పెడతారు? కొడుకు పుట్టినప్పుడూ, వాడికి కూతురు మీకా పుట్టినప్పుడూ "బతికుందేమో, ఆగండి" అంది కాపిక్.

మీకా కడుపుతో ఉండగా టీవీవాళ్లు దిగారు, కాపిక్ కుటుంబం కథ తీస్తామని. వాళ్ల పెద్ద క్లేర్ ఆస్పత్రి రికార్డులు వెతికిస్తానంది. కాపిక్ ఆమెను ఒకటే అడిగింది.

"బిడ్డ పుట్టేలోపు చెప్పు తల్లీ. ఉందో పోయిందో, అంతే చాలు."

మార్చిలో మీకాకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమై, ఇక పిల్లలు పుట్టరన్నారు. అప్పటికీ క్లేర్ నుంచి కబురు రాలేదు. అంతకు నెల ముందే పక్కింటి ఇటూసీ పోయాడు. మాలో పేరుకు ఆడా మగా లేదు, ఆయన పేరే పెట్టారు. ఆయన పెళ్లాం పసిదాని బుగ్గ గిల్లి, ఏమయ్యా, నన్నొదిలేసి ఎక్కడ తిరిగొచ్చావని దెబ్బలాడింది. అందరం నవ్వాం. కాపిక్ కూడా నవ్వింది.

మే నెలలో క్లేర్ వచ్చి, కెమెరా పెట్టించి, కాపిక్ చేతికి ఒక కాగితం ఇచ్చింది. ఓడెక్కిన రెండో ఏడే పాడ్లూక్ పోయిందట. కాపిక్ ఏడవలేదు. కాగితం మీకాకు ఇచ్చి తేదీ చదవమంది.

"ఇది వీళ్లకు డిసెంబర్లోనే వచ్చింది నానమ్మా."

ఇది ఫోన్‌లో చెప్పే విషయం కాదని, ఆ క్షణంలో ఆమె ముఖాన్ని చూపించాలనుకున్నామని క్లేర్ ఏదో గొణిగింది.

"నా ముఖం కోసం మా అమ్మను ఆపావా?" అంది కాపిక్. అరవలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఆ కెమెరాను మంచులో సీళ్లు ఊపిరి పీల్చుకునే కన్నంలోకి తొయ్యాలనిపించింది.

పేరు మార్చేద్దామా అని మీకా మెల్లగా అడిగింది. ఇటూసీ పెళ్లాం దగ్గర్నుంచి మొగుణ్ని రెండోసారి లాక్కుంటామా అని కాపిక్ ఆ మాట మళ్లీ ఎత్తనివ్వలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లు తీసిన కథ టీవీలో వచ్చింది. ఇల్లంతా జనం. డిసెంబర్ సంగతి అందులో లేదు. చివరికి ఆమె తన తల్లిని కలుసుకుందని క్లేర్ గొంతు చెబుతోంది, వెనక వయొలిన్. బిడ్డ కాపిక్ ఒళ్లో ఉంది. కాపిక్ దాని ముఖంలోకి చూస్తూ, "అమ్..." అంది. ఇటూసీ పెళ్లాం తలెత్తి చూసింది.

కాపిక్ ఆ మాట అక్కడే ఆపింది. బతికుండగా ఇటూసీని పిలిచిన వరసతోనే బిడ్డను పిలిచింది.

"అన్నయ్యా, పాలు తాగావా?"