కిటికీకి వేలాడదీసిన కుబుసం

ఎదురింటి డాక్టరు గారు పోయారన్న కబురు వచ్చేసరికి నా చేతులు తడి నాచులో ఉన్నాయి. హాస్పిటల్ వాళ్ళు మా అమ్మాయికి ఫోన్ చేశారు. అది మెట్ల మీదే కూలబడి "అమ్మా, ఆంటీ పోయారు" అంది. నేను నాచు పిండుతూనే ఉన్నాను, ఆపితే ఆరిపోతుందేమోనని. ఆవిడ పాము అప్పటికి మా ఇంట్లో ఉంది, ఆ నాచు దాని పెట్టెలో తేమ కోసం. దాని కళ్ళు పాలు కలిపిన నీలంలా మసకబారి ఉన్నాయి. రేపో మాపో కుబుసం విడవాలి.

చదివేవాళ్ళు భయపడకండి. అది విషం లేని పాము, కొండచిలువల్లో చిన్న జాతి. బెదిరితే బంతిలా చుట్టుకుపోతుంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిపోతే ఆవిడ తెచ్చుకున్నారు. పిల్లల డాక్టరుగా రిటైరై, అమెరికాలో ఈ మోరిస్‌విల్‌లో మా ఎదురింట్లో ఒక్కరే ఉండేవారు. నేనేమో పొయ్యి ఆపానా, గరాజ్ తలుపు పడిందా అని రోజంతా బెంగపడే మనిషిని. అలాంటి నన్ను పామున్న ఇంటికి టీకి పిలిచారు. గుమ్మం దాటలేకపోయాను.

"రండి వదిన గారూ. మిమ్మల్ని చూసి అదే దాక్కుంది."

"నన్ను చూసా?"

"మీకంటే పిరికిది. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

అలా మొదలైంది. రోజూ టీకి వెళ్ళేదాన్ని, రోజూ ఏదో ఒకటి అడిగేదాన్ని. అద్దాల పెట్టెకి ఒక పక్క అడుగున వేడి పలక, రెండో పక్క చల్లగా. రెండు వైపులా ఎందుకండీ అంటే, "ఎటు కావాలో దానికి తెలుసు. రెండూ ఉంచడమే మన పని" అనేవారు. నేను అద్దం మీద చెయ్యి పెట్టి వేడి చూడబోతే చెయ్యి తీసేసేవారు. "చేతిని నమ్మకండి. మీది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. మీటర్ చూడండి." పలక మరీ కాలిపోకుండా ఆపే థర్మోస్టాట్‌ని మాత్రం పొద్దున్న లేస్తూనే, దేవుడికి దణ్ణం పెట్టకముందే చూసుకునేవారు.

ఒక చలికాలం, హీటర్ గాలికి ఇల్లంతా ఎండిపోయి, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక దగ్గర అట్టకట్టుకుపోయింది. మా మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసినదాన్ని కదా, పరుగున ఇంటికెళ్ళి ఆముదం సీసా, సున్నిపిండి డబ్బా పట్టుకొచ్చాను.

"కాస్త ఆముదం రాసి సున్నిపిండితో నలిస్తే వచ్చేస్తుందండీ."

ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. "బొట్టూ కాటుకా కూడా తెచ్చారా? నలిస్తే కింది చర్మం లేచిపోతుంది వదిన గారూ. కంటి మీది పొరని గోకితే కన్నే పోతుంది." గోరువెచ్చటి నీళ్ళలో తువ్వాలు తడిపి పిండి, దాని మడతల్లోకి పాముని వదిలారు. అది మెల్లగా పాకుతుంటే అట్టకట్టింది దానంతటదే జారింది. "వదిలించకండి. వదిలేలా చూడండి" అన్నారు. సున్నిపిండి మాత్రం తిరిగివ్వలేదు, తనకి ఉంచేసుకున్నారు.

అప్పట్నుంచి పాము కళ్ళు మసకబారితే చాలు, నాకు అన్నం సహించేది కాదు. అది చూసి ఆవిడ ఒక ఏర్పాటు చేశారు. కుబుసం పూర్తిగా వచ్చాక వీధివైపు కిటికీకి వేలాడదీసేవారు. మా వంటింట్లోంచి అది కనబడితే నేను హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆవిడని హాస్పిటల్లో చేర్చినప్పుడు పెట్టె మా ఇంటికొచ్చింది. మా అల్లుడు "అత్తయ్య గారూ, పాము ఓకే. మన ఫ్రీజర్‌లో దాని తిండికని ఎలుకలు మాత్రం నాట్ ఓకే" అన్నాడు. కుబుసం విడిచేదాకా దానికి తిండే పెట్టరని చెప్పాక మెత్తబడ్డాడు. ఆవిడ మంచం మీంచి ఫోన్ చేసేవారు.

"కళ్ళెలా ఉన్నాయి?"

"మీకెలా ఉందండీ?"

"నన్ను చూడ్డానికి ఇక్కడ ఇంతమంది ఉన్నారు. దానికి మీరొక్కరే. తేమ ఎంతుంది?" చెప్పాను. "బాగుంది. కళ్ళు తేటపడ్డాక ఏమీ జరగట్లేదని కంగారు పడకండి. అప్పుడే విడుస్తుంది." నాతో ఆవిడ మాట్లాడిన చివరి మాటలు అవే.

ఫ్యూనరల్ హోమ్‌లో అందరూ దణ్ణాలు పెట్టుకుంటుంటే నా మనసు తేమ మీటర్ మీదే ఉంది. పొడిగాలికి కంటిపొర ఉండిపోతే? ఆవిడ లేరు, ఎవరిని అడగను? ఇంటికొచ్చి చూస్తే కళ్ళు తేటపడ్డాయి. ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడు మూతి దగ్గర చర్మం కొద్దిగా లేచింది. చిటికెన వేలంత అంచు, పట్టుకు లాగితే వచ్చేసేలా ఉంది. మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాను కూడా. ఆవిడ మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాచు ఇంకోసారి తడిపి, తలుపు దగ్గరగా వేసి, వంటింట్లో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. ఈనెలేవో కాయలేవో చూసుకోలేదు.

అమ్మాయి పిలిస్తే వెళ్ళాను. పాము చల్లటి పక్కన కొత్తగా మెరుస్తోంది. నాచులో కుబుసం, తిరగేసి విప్పిన మేజోడులా, మూతి నుంచి తోక దాకా ఒక్కటిగా ఉంది. ముందు అందులో కంటిపొరలు వెతికాను. రెండూ ఉన్నాయి.

"ఎక్కడ పెడతావమ్మా దీన్ని?" అంది అమ్మాయి.

వీధివైపు కిటికీకి వేలాడదీశాను. ఎదురింట్లో బ్లైండ్స్ దించి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ ఆ రెండు చిన్న పొరల్లోంచి దూరి, మా కిటికీ గట్టు మీద గింజలంత రెండు వెలుగు చుక్కలై పడింది.