దూడ బరువులో గొంగడి

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో మా ఇంట, అప్పుడే పుట్టిన దూడను కాంటా మీద పెట్టడమంటే దిష్టిని పిలిచి పీట వేయడమే. మా అవ్వ చస్తే ఒప్పుకునేది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఆవు ఈనింది. దూడ నీరసంగా ఉండి, లేచి పొదుగు అందుకోలేకపోయింది. ముర్రుపాలు పిండి మేమే పట్టాలి. రోజుకు దాని బరువులో పదో వంతు పట్టమని పశువుల డాక్టరు చెప్పి వెళ్లాడు. కిందటి ఈతలో అవ్వ జాలికొద్దీ ఎక్కువ పట్టింది, ఆ దూడ విరేచనాలు పట్టి పారుకొని చచ్చిపోయింది. ఇదీ అలాగే పోతుందేమోనని నాకు ఒకటే భయం.

మా తాత దూడను రెండు చేతులా ఎత్తి చూసి పదిహేడు కిలోలన్నాడు. పక్కింటి అక్క వాళ్లది మరమగ్గాల ఇల్లు. ఆమె నూలుపోగు తెచ్చి దూడ ఛాతీ చుట్టూ కొలిచి, తమ దూడకన్నా లావుంది, ఇరవై అయిదుకు తగ్గదంది. అదే పోగుతో నేను మూడుసార్లు కొలిస్తే మూడు కొలతలు వచ్చాయి. దూడ ఊపిరి పీలిస్తే ఒకటి, వదిలితే ఇంకొకటి. ఇద్దరు పెద్దవాళ్లలో ఎవరి మాట పట్టుకోవాలో తెలియక నా తల తిరిగిపోయింది.

చివరికి తాత నన్ను అక్క వాళ్ల నూలు మూటలు తూచే కాంటా మీద కూర్చోబెట్టి, గొంగడిలో చుట్టిన దూడను నా ఒళ్లో పెట్టాడు. అవ్వ అరుస్తూ వచ్చింది. తాత తొణకలేదు.

"నా మనుమరాలిని తూస్తున్న. గంతే."

నలభై మూడు. దూడను దించి నన్నొక్కదాన్నే తూస్తే ఇరవై ఒకటి. దూడ ఇరవై రెండని కేకేసి, పాలచెంబు కోసం పరుగెత్తబోయాను. తాత రెక్క పట్టి ఆపాడు.

"గొంగడి గూడ పాలు తాగుతదా బిడ్డా?"

తూస్తే, తడిసిన ఆ గొంగడే మూడు కిలోలుంది. అంటే దూడ పందొమ్మిదే. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అవ్వ ఉప్పు, మిరపకాయలు తెచ్చి నా చుట్టూ తిప్పింది. దూడకు కదా తీయాల్సిందని అడిగాను.

"కాంటెక్కింది నువ్వే గదనే," అంది. నవ్వలేదు.

దూడ మూడో రోజుకు లేచి నిలబడింది. ఇప్పటికీ ఎవరైనా ఒక అంకెను గట్టిగా చెబితే, అందులో గొంగడి ఎంతుందో అని వెతుకుతాను. ఆ బుద్ధి తాత పెట్టిందే. నన్నే తూస్తున్నానన్న తాత మాటను అవ్వ నిజంగా నమ్మిందో, దూడ బతకాలని నమ్మినట్టు ఊరుకుందో మాత్రం, ఈ వయసులోనూ నాకు తేలలేదు.