రివర్స్ గేరు మాస్టారు

కమ్యూనిటీ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చెప్పే మాస్టారు ఏ బొమ్మనూ దగ్గర నుంచి చూసిన పాపాన పోలేదు. ప్రింటు గోడకి అంటించగానే దానికేసి చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టేవారు. బల్లల మధ్యగా, గుమ్మం దాటి, వరండా వెంబడి, మెట్లు దిగి, బొమ్మలో సత్తా ఉంటే గేటు బయట సైకిలు షాపు దాకా. సత్తా లేనిదైతే రెండో బల్ల దగ్గరే ఆగిపోయేవారు. అందుకే ఆ క్లాసులో మార్కుల ఊసే లేదు. "నీది ఎందాకా వెళ్ళింది?" అనే ఒకరినొకరు అడిగేవారు. పిల్లలు ఆయనకి రివర్స్ గేరు మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆయన తెగ మురిసిపోయారట.

క్లాసంతా అక్క అని పిలిచే ఆవిడకి నలభై దాటాయి. అన్నగారి బట్టల కొట్లో గల్లాపెట్టె ముందు సగం జీవితం గడిపి, ఇక చాలనుకుని ఈ కోర్సులో చేరింది. అన్న కాదనలేదు గానీ, కోర్సు అయ్యేసరికి ఉద్యోగం రాకపోతే మళ్ళీ వచ్చి గల్లా దగ్గర కూర్చోవాలని ముందే చెప్పాడు. మంచివాడే, ఇంకెవర్నీ నమ్మలేడు, అంతే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అక్క ఇంకో గంట కంప్యూటరు ముందు కూర్చునేది.

మౌసు చెప్పుచేతల్లోకి వచ్చేసరికే ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది. అసలు చిక్కు అది కాదు. కొట్లో అర ఖాళీగా కనిపిస్తే సరుకు లేదనుకుని వచ్చిన బేరం పోతుంది. ఆ భయం చేతుల్లో జీర్ణించుకుపోయి, కాగితం మీద వేలెడు జాగా ఉంటే పువ్వు, జానెడు ఉంటే పూలతీగ పెట్టేసేది. మాస్టారు రెండో బల్ల దగ్గర ఆగిపోయారు.

"ఏమీ కనపడటం లేదమ్మా."

"ఇన్ని పెట్టాను కదండీ."

"అందుకే."

అక్కకి ఒళ్ళు మండింది. కానీ ఆయన మీద కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు. ఓసారి గేటు దగ్గర నుంచి, ఎవరి బొమ్మలోనో అడుగున ఉన్న గీత ఎడమవైపు వాలిందని కేకేశారు. స్కేలు పెట్టి చూస్తే నిజంగానే వెంట్రుకవాసి వాలింది. ముక్కు ఆనించి గీసినవాడికి కనపడనిది అంత దూరాన ఈయనకెలా కనపడిందా అని అక్క నోరు వెళ్ళబెట్టింది. ఇంతటి మనిషి తన బొమ్మ కోసం ఒక్కసారైనా గుమ్మం దాటాలని ఆ రోజే పంతం పట్టింది.

ఆఖరి పని కంటి పరీక్షల శిబిరానికి పోస్టరు. చూపు ఆననివాళ్ళే కదా దీన్ని చదవాల్సింది అనుకుని, అక్క పువ్వులు తీసేసింది, తీగలు తీసేసింది. తీసిన ప్రతిసారీ కొట్టు మూసేసినంత దిగులు. చివరికి పసుపుపచ్చ కాగితం మీద పెద్ద నల్ల కళ్ళజోడు, దాని అద్దాల్లో తేదీ, శిబిరం జరిగే చోటు మిగిలాయి.

మాస్టారు వెనక్కి నడిచారు. గుమ్మం దాటారు, గేటు దాటారు, సైకిలు షాపు కూడా దాటి వీధి మలుపు దగ్గర చీమంత అయిపోయారు. అక్క కిటికీలోంచి మెడ చాచి చూసింది.

తీరా ప్రదర్శన రోజు మాస్టారు అందరి పనులూ హాల్లో పెట్టించి, అక్క పోస్టరు మాత్రం వరండా కొసన, బాత్రూము పక్క గోడకి పెట్టించారు. ప్రదర్శన చూసి ఉద్యోగం ఇచ్చేది ఊళ్ళో ప్రింటింగు ప్రెస్సు నడిపే ఆవిడ. ఒక్కరినే తీసుకుంటుంది, అదీ హాల్లో ఒక చుట్టు చుట్టి, ఫోన్లో మాట్లాడుతూనే. బాత్రూము దాకా ఎందుకొస్తుంది? అన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని అక్క ఓ స్తంభం చాటున నిలబడిపోయింది.

ప్రెస్సావిడ ఫోను చెవిన పెట్టుకుని గేట్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మాస్టారు పోస్టరు కేసి చూస్తూ, వరండా వెంబడి వెనక్కి నడిచి, మెట్లు దిగి, పోయి పోయి ఆవిడని ఢీకొట్టారు. ఫోను కింద పడింది.

"ఏంటండీ అంతలా చూస్తున్నారు?" అని చిరాకుపడింది ప్రెస్సావిడ.

"అదిగోనండీ, ఆ కొసన ఉన్నది. ఎంత దూరం వెళ్ళినా కనపడుతూనే ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు."

ఆవిడ చూసింది. నమ్మకం కుదరక నాలుగడుగులు వెనక్కి వేసింది. పక్కనే మాస్టారూ వేశారు. ఇద్దరూ అలాగే వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటి రోడ్డెక్కారు. సైకిలు షాపు కుర్చీ తగిలి ఆగిపోయిన ప్రెస్సావిడ, ఇది ఎవరు చేశారని అడిగింది.

ఉద్యోగం ఖాయమయ్యాక అక్క మాస్టారిని వెతుక్కుంటూ వెళ్ళింది. గోడల మీంచి ప్రింట్లు తీయిస్తున్నారు.

"మాస్టారూ, ఇన్నేళ్ళలో మీరు ఎవరినీ గుద్దుకోవడం చూడలేదని ఆఫీసులో అంటున్నారు. మరి ఇవాళ..."

"పెద్దవాణ్ణయిపోతున్నానమ్మా, అడుగు తడబడుతోంది" అన్నారు మాస్టారు దిగులుగా మొహం పెట్టి.

ఆ మాట అంటూనే వెనక్కి నడక మొదలుపెట్టారు. తల తిప్పకుండానే నిచ్చెనని తప్పించుకుని, తుడుపు నీళ్ళ బకెట్టుని చుట్టివచ్చి, గడపని సుతారంగా దాటి వెళ్ళిపోయారు.