అట్ట మీది పేరు

పోయిన ఆదివారం కంఠేశ్వర్‌లో పిల్లల పుస్తకాల సభ ఉందంటే పోయాను, పోకుండా ఇంట్లో పడుకున్నా బాగుండేది. ఒక పెద్దమనిషి వంద, నూటయాభై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పిల్లల కోసం నవలలు రాసిన ఒక ఇల్లాలి గురించి గంటసేపు మాట్లాడి, పాపం ఆమె మొదటి పుస్తకం మరిది పేరుతో అచ్చయిందంటూ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ముందు వరుసలోని పెద్దలంతా అయ్యో అన్నారు. ఎన్నడో పోయిన పరాయి దేశపు ఆడమనిషి మీద జాలిపడటం ఎంత సుఖం!

ఆమె సంగతి నాకు కొత్త కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, బోధన్ బడిలో పంతులుగా ఉన్న మా చిన్నాయన తెచ్చిన పిల్లల పత్రికలో ఆమె జీవితకథ చూసి, చదువు రాని మా మేనత్తకు చదివి వినిపించాను. మేనత్త మా బాపుకూ చిన్నాయనకూ అక్క, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండి, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసేది. చేస్తూనే వాడలోని పిల్లలందరికీ సొంతంగా కల్పించిన కథలు చెప్పేది, చెరుకు బండెక్కి షుగరు ఫ్యాక్టరీ దాకా పోయిన మేకపిల్ల కథ, కందకుర్తిలో రెండు నదులు పోట్లాడుకున్న కథ. ఆ ఫ్రెంచామె కూడా మొగుడు మంచాన పడితే కుట్టుపని చేస్తూ తన పిల్లలకు కథలు చెప్పి, తరవాత వాటినే రాసిందని, మొదటి పుస్తకం మాత్రం మరిది పేరుతో వచ్చిందని చదివితే అత్త చెయ్యి ఆగింది.

"కత జెప్పింది గామె. మరి గా మరిది పేరెందుకే?" అంది.

దానికి జవాబు నాకు ఆ ఎండాకాలమే తెలిసింది. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టే కథ ఒక్కటైనా చెప్పడం చేతకాని మా చిన్నాయనకు రచయిత కావాలని బుద్ధి పుట్టి, అత్త కథలన్నీ నా చేత రాయించాడు. చివర పేరు దగ్గర నేను ఆగితే, "బీడీలు చేసేటామె పేరు చూస్తే ఎవడు చదువుతడు బిడ్డా, నాది రాయ్" అన్నాడు. రాశాను.

పుస్తకం వచ్చిన రోజు అత్త తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుని అట్ట నా ముందు పెట్టి, "సదువు" అంది. నేను ఆమె పేరు చదివాను. ఆమె దాన్ని పాత చీరముక్కలో చుట్టి దేవుని గూట్లో దాచుకుని, తనలాగే చదువు రాని వాడవాళ్ళు ఎవరొచ్చినా తీసి చూపించి, తమ్ముడి పేరు మీద వేలు పెట్టి "గిది నా పేరు" అనేది. అలా అనుకుంటూనే పోయింది.

సభలో ఆ కళ్ళొత్తుకున్న మనిషే చివర్లో అదే పుస్తకం ఎత్తి పట్టుకుని ఇప్పుడు లేని మా చిన్నాయన అంతటివాడు ఇంతటివాడని పొగిడి, అన్న కూతురునని నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండింది, కానీ మైకు చేతికిస్తే సంతోషం అని చెప్పి దిగిపోయాను. వాళ్ళకేం, తెలియదు. తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు మా వాడలో బీడీలు చేసే ఇళ్ళలో కూడా ఆడపిల్లలు ఏ కాగితం ఇచ్చినా గడగడా చదివేస్తున్నారు. ఆనాడు అటువంటి పిల్ల ఇంకొక్కతె మా గడపలో కూర్చుని ఉన్నా, అత్త పుస్తకం అత్తకు దక్కేది.