క్యూ షీటులో ‘ప’

విజయనగరంలో మా నాటక సమాజానికి నేను లైట్లు వేస్తాను. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి, ఏ పనైనా గళ్ళు గీసుకుని మొదలుపెట్టడం అలవాటు. ఆదివారం పొద్దున్న రిహార్సల్ జరుగుతుంటే లైట్ల బోర్డు పక్కన కూర్చుని క్యూ షీటు రాసేవాణ్ణి. ఏ మాటకి ఏ లైటు వెలగాలి, ఏది ఆరాలి అన్నది అందులో ఉంటుంది. చివరి గడి మాత్రం నా సొంత ఆలోచన: రిహార్సల్ ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది. కారణాలకు పొట్టి అక్షరాలు పెట్టుకున్నాను. ‘క’ అంటే కరెంటు పోయింది. ‘మ’ అంటే ఎవరో మాట మర్చిపోయారు. ‘ట’ అంటే టీ. ‘ప’ అంటే పరాచికం.

ఈ నాలుగో అక్షరం దాదాపు ఎప్పుడూ కథానాయిక వేషం వేసే అమ్మాయి ఉన్న సన్నివేశాల పక్కనే పడేది. ఆమెది నెల్లిమర్ల. వారమంతా బట్టల షాపులో పని, ఆదివారం మా దగ్గరికి వచ్చేది. దర్శకుణ్ణి అందరం మాస్టారూ అనేవాళ్ళం. పొందూరు ఖద్దరు లాల్చీ, మెత్తని గొంతు. ఆయన ఆమెను ‘మరదలా’ అని పిలిచేవాడు. ఎవరితోనైనా ఏదో ఒక వరస కలుపుకుని మాట్లాడటం మా వైపు మామూలే కనుక ఆ పిలుపును ఎవరూ పట్టించుకోలేదు. నిలబడటం నేర్పిస్తున్నానంటూ ఆమె నడుము మీద చెయ్యి వేసేవాడు. ఆమె విదిలించుకుని వరండాలోకి వెళ్ళిపోయేది.

“వరసైనోడు పరాసికమాడితే అంత కోపమేటే!” అని ఎవరో అనేవారు. అందరూ నవ్వేవారు. నేను గడియారం చూసి ‘6 ని. ప’ అని రాసుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమె వరండాలో ఆగలేదు, ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు సమాజానికి ఫిర్యాదు రాసి ఇచ్చింది. విచారించినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ మాస్టారి శిష్యులే. అలాంటిదేమీ జరగలేదని, నటన రాక మాస్టారి మీద నింద వేసిందని ఒక్క పూటలో తేల్చేశారు. ఆమె వేషం ఇంకొకరికి ఇచ్చారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు శ్రీకాకుళం నుంచి ఒక విలేకరి వచ్చారు. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. సొంతంగా విచారించి, సొంతంగా ప్రచురించుకునే మనిషి. వయసులో మా అమ్మంత ఉంటారు. ఫిర్యాదు చేసిన అమ్మాయితో, మాస్టారితో, ఆ ముగ్గురితో మాట్లాడాక నాకు ఫోన్ చేశారు.

“బాబూ, నువ్వేదో నిమిషాలు రాస్తావట గదా. ఆ పిల్ల సెప్పింది. ఓసారి సూపిస్తావా?”

పద్ధతి ప్రకారం పోవాలన్న పిచ్చితో మా సమాజం కార్యదర్శిని అనుమతి అడిగాను. ఆయన నా దగ్గర కాగితాలు తీసుకుని, ఏ అక్షరం దేనికో అడిగి చూశాడు.

“సూపించరా, భయమేటి? ‘ప’ అంటే ఏటని అడిగితే పాట అని సెప్పు. నాటకంలో పాటలున్నాయి గదా. ఒక్క అచ్చరం కూడా దిద్దక్కర్లేదు,” అన్నాడు.

రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. పాట అని చెబితే అబద్ధమని ఎవరూ పట్టుకోలేరు. నా భయం మాస్టారి గురించి కాదు. ఆ అక్షరాన్ని విప్పితే, అది రాసిందెవరన్న ప్రశ్న వస్తుంది. ఆమె వరండాలో ఒంటరిగా నిలబడ్డ నిమిషాలను తప్పు లేకుండా కొలిచి, వాటికి వేళాకోళం అని పేరు పెట్టింది నేనే.

బస్సు కాంప్లెక్స్ ఎదురుగా టీ కొట్టులో విలేకరి కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాలు తిప్పారు.

“ఇది కరెంటు. ఇది టీ అయ్యుంటాది. ఈ ‘ప’ ఏటి బాబూ?”

“పరాచికం అండీ.”

“ఎవరిది?”

“మాస్టారిది.”

“ఆ పిల్ల నవ్వేదా?”

“లేదండీ. బయటికి వెళ్ళిపోయేది.”

“మరి పరాసికమని నువ్వెందుకు రాసావు?”

“అందరూ అదే మాట అనేవారండీ. నేనూ అదే రాశాను.”

“ఈ ముక్క కూడా అచ్చేయమంటావా?”

“వెయ్యండి,” అన్నాను.

వేశారు. నా గళ్ళ ఫొటోతో సహా. ఆ తర్వాత సమాజంతో ఏ సంబంధమూ లేని ముగ్గురు మళ్ళీ మొదటి నుంచి విచారించారు. మాస్టారు తప్పుకోవాల్సి వచ్చింది. వేషం తిరిగి ఆమెకు ఇచ్చారు.

తిరిగి వచ్చిన ఆదివారం ఆమె తిన్నగా నా బోర్డు దగ్గరికే వచ్చింది.

“ఏటిరా లైట్లోడా, ఇంకా నిమిషాలు కొలుస్తన్నావా?”

“కొలుస్తన్నానక్కా.”

“నేను బయటికెల్లిపోతే ఏటి రాస్తావు?”

“నిన్నడిగి రాస్తాను.”

“అడగాలని ఇప్పుడు తెలిసిందేటి,” అంది. నవ్వలేదు. కొత్త షీటులో చివరి గడిని పూర్తి మాటలు పట్టేంత వెడల్పుగా గీశాను. అది చూసిందో లేదో తెలీదు. వెళ్ళి స్టేజీ మీద తన చోట నిలబడింది. నేను మొదటి లైటు వేశాను.